ఎం42 లెన్స్ నికాన్ బాడీ మీద పెడితే ఐదడుగులు దాటి ఫోకస్ రావట్లేదు, ఇది మామూలేనా?

ఒంగోలు గిత్త
నా దగ్గర నికాన్ డీ5600 ఉంది. నెట్‌లో ఎక్కడ చూసినా హీలియోస్ హీలియోస్ అని ఊదరగొడుతుంటే ఒక 44-2 తెప్పించా. రష్యన్ లెన్స్, 58 ఎంఎం, ఎఫ్2. దానిది ఎం42 అనే పాత మర బిగింపు, దాన్నుంచి నికాన్‌కి అడాప్టర్ విడిగా కొన్నా, లోపల గాజు లేని ఉత్త రింగు. బిగిస్తే బాగానే కూర్చుంది. దగ్గర్లో మందారం, మా చెల్లి ముక్కుపుడక, టీ గ్లాసు అదిరిపోతున్నాయి. ఐదారడుగుల అవతల మనిషి నిలబడితే మాత్రం ఎంత తిప్పినా మసకే. ఫోకస్ రింగు ఇన్ఫినిటీ (ఎంత దూరమైనా పదునుగా రావాల్సిన చోటు) గుర్తు దాకా వెళ్లి ఆగిపోతోంది, వీధి చివర వేపచెట్టు ఆకులు మాత్రం ఒక్కటీ కనపడదు.

పైగా లెన్స్ లేదని కెమెరా గోల. ఎం (మాన్యువల్) మోడ్‌లో తప్ప షట్టర్ పడదు, వెలుతురు కొలిచే మీటర్ చూపించదు. అమ్మినోణ్ణి అడిగితే "పాత లెన్సులు కదా సార్, అలాగే ఉంటాయి" అని ఫోన్ పెట్టేశాడు. నిజంగా అలాగే ఉంటాయా? పాడైంది లెన్సా, అడాప్టరా, నా కెమెరానా?

కోఠి కుర్రాడు
మూడూ మంచిగనే ఉన్నయన్నా. మూడు ఒక్క దగ్గర కల్పినవ్ చూడు, గదే లొల్లి.

పాతగాజు
కోఠి తమ్ముడు ఒక్క ముక్కలో తేల్చేశాడు. నేను కాస్త విప్పి చెప్తా.

ప్రతి కెమెరాకీ లెన్స్ బిగించే రింగు నుంచి ఫిల్ము దాకా, ఇప్పుడైతే సెన్సర్ దాకా, ఒక ఖాయమైన దూరం ఉంటుంది. ఫ్లాంజ్ దూరం అంటారు. ఎం42కి అది 45.46 ఎంఎం. నికాన్ ఎఫ్ మౌంట్‌కి, అంటే నికాన్ లెన్స్ బిగింపుకి, 46.5. అంటే నీ బాడీ మీద హీలియోస్ ఉండాల్సిన చోటుకంటే 1 ఎంఎం పైచిలుకు ముందుకొచ్చి కూర్చుంటుంది. ఆ రింగు మందం ఇంకో 1 ఎంఎం వేసుకో. మొత్తం 2.

ఇప్పుడు లెక్క. 58ని 58తో గుణిస్తే 3364. దాన్ని 2తో భాగిస్తే 1682 ఎంఎం. అంటే లెన్స్‌ని ఇన్ఫినిటీ దగ్గర ఆపినా అది నిజంగా ఫోకస్ చేసేది 1.7 మీటర్ల దగ్గర, ఐదున్నర అడుగులు. నువ్వు కొలవకుండానే సరిగ్గా చెప్పావు. అదే అడాప్టర్‌కి 135 ఎంఎం తగిలిస్తే తొమ్మిది మీటర్ల దాకా వస్తుంది. 28 ఎంఎం తగిలిస్తే 40 సెంటీమీటర్లు కూడా దాటదు.

35 ఎంఎం ఎస్సెల్లార్ (లోపల అద్దం ఉండే కెమెరా) మౌంట్లలో నికాన్‌ది బాగా పొడుగు దూరం. అందుకే నికాన్ పాత లెన్సులు దాదాపు అందరి బాడీల మీదకీ వెళ్తాయి, వేరేవాళ్ల లెన్సులు నికాన్ డీఎస్సెల్లార్ మీదకి రావు. అమ్మినవాడికి ఇది తెలియదంటే నమ్మను.

ఒంగోలు గిత్త
ఈ లెక్క కొనే పేజీలో పెట్టొచ్చుగా! "నికాన్ అన్ని మోడళ్లకూ సరిపోతుంది" అని రాశారు.

కోఠి కుర్రాడు
సరిపోయిందిగా. ఊడి పడ్డదా?

పిక్సెల్ పంతులు
ఇంత గుణకారాలు, భాగహారాలు ఎందుకు? ఆ లెన్స్ అమ్మేసి 35 ఎఫ్1.8 డీఎక్స్ కొను. ఆటోఫోకస్ వస్తుంది, మీటర్ వస్తుంది, ఎదురు వెలుతురులో ఫోటో తెల్లబోదు. పాత లెన్సుల పిచ్చి అంతా రీల్స్ పుణ్యమే. లెన్స్‌లో లోపం ఉంటే దాన్ని "క్యారెక్టర్" అంటున్నారు.

రాజమండ్రి స్టూడియో
పంతులుగారితో సగం ఏకీభవిస్తానండి. ముప్పై ఏళ్లుగా స్టూడియో నడుపుతున్నాను. మా రోజుల్లో యాషికా ఎఫ్‌ఎక్స్-3 ఉంటే గొప్ప. దాని మీద ఎంఎల్ 50 లెన్స్. పెళ్లిలో జీలకర్ర బెల్లం పెట్టే క్షణం ఫోకస్ తప్పితే మళ్లీ పెట్టించలేం కదండీ. ఆటోఫోకస్ వచ్చిన రోజున అవన్నీ అటకెక్కించి దణ్ణం పెట్టుకున్నాం. ఇప్పుడు కుర్రాళ్లు వచ్చి "బాబాయ్, ఆ పాత లెన్స్ ఇస్తారా" అని అడుగుతుంటే నవ్వొస్తుంది. ఎఫ్‌ఎక్స్-3 బాడీల మీద తోలు అయితే పెచ్చులుగా ఊడిపోయింది, లెన్సులు మాత్రం ఇప్పటికీ చక్కగా తిరుగుతున్నాయి.

మిగతా సగం ఏకీభవించను. పోర్ట్రెయిట్‌కి కుర్చీలో కూర్చున్న మనిషి ఎక్కడికీ పారిపోడు. అక్కడ చేత్తో ఫోకస్ చేస్తే వచ్చే నష్టం ఏమీ లేదు. ముఖం మీద ప్రతి రంధ్రం చూపించే కొత్త లెన్స్ కంటే ఆ 50 ఎంఎల్లే నాకు ఇష్టం. ఫోటో తీశాక మళ్లీ చర్మం నున్నగా చేసే పని తగ్గుతుంది.

డ్రెస్డెన్ డైరీ
ఎం42 అంటే మా ఊరి సరుకు. ఇక్కడ జర్మనీ డ్రెస్డెన్‌లో చదువుకుంటున్నా కాబట్టి మా ఊరు అనేశా, మా అసలు ఊరు హనుమకొండ.

42 ఎంఎం వ్యాసం, ఒక్కో చుట్టుకీ 1 ఎంఎం మర. పేరు అక్కణ్ణుంచే. యుద్ధం తర్వాత 1949లో ఇక్కడి కాంటాక్స్ ఎస్ కెమెరా ఈ మరతోనే వచ్చింది, తర్వాత ఇక్కడి ప్రాక్టికా కెమెరాల్లో చాలావాటికి ఇదే. పేటెంట్ల గొడవ లేకుండా పెంటాక్స్, యాషికా, రష్యా జెనిట్ అందరూ వాడేశారు. అందుకే ఎం42లో దొరికినన్ని రకాలు ఇంకే పాత మౌంట్‌లోనూ దొరకవు. ప్రాక్టికాలు చేసిన పెంటకాన్ కంపెనీ రెండు జర్మనీలూ కలిసిన రోజుల్లో మూతపడింది. శనివారం ఎల్బే ఒడ్డున సంత జరుగుతుంది, అక్కడ లెన్స్ ఒక్కటే అడిగితే ఒక రేటు, ప్రాక్టికా బాడీతో కలిపి అడిగితే దానికంటే తక్కువ రేటు చెప్తారు. బాడీలు ఎవరికీ అక్కర్లేదు మరి.

గిత్త గారూ, మీ హీలియోస్ కూడా ఇక్కడి బంధువే. యెనా ఊళ్లోని జైస్ కంపెనీలో విల్లీ మెర్టే గీసిన బయోటార్ 58 ఎఫ్2 నమూనా. యుద్ధం అయ్యాక జైస్ డిజైన్లు, యంత్రాలు సోవియట్ వాళ్లు పట్టుకెళ్లారు. బయోటార్ అక్కడ హీలియోస్ అయింది, సొన్నార్ జూపిటర్ అయింది.

న్యూజెర్సీ నాని
గిత్త, లెన్స్ ముందు అంచు మీద నంబర్ చూడు. మొదటి రెండు అంకెలు చాలావరకు తయారైన సంవత్సరం. 77తో మొదలైతే 1977. పక్కన పట్టకం బొమ్మలో గీత దూసుకెళ్తున్నట్టు ముద్ర ఉంటే మాస్కో పక్కన క్రాస్నోగోర్స్క్ ఫ్యాక్టరీది.

ఒంగోలు గిత్త
81తో మొదలైంది. పట్టకం లేదు, వేరే ముద్ర ఉంది. మా అన్నయ్య కంటే పెద్దది!

న్యూజెర్సీ నాని
వల్దాయ్ ఫ్యాక్టరీది కావచ్చు. మూడు ఫ్యాక్టరీల్లో చేశారు. ఏ ఫ్యాక్టరీ గొప్పదో అని కొట్టుకునేవాళ్లు వేరే ఉన్నారు, నువ్వు ఆ జోలికి పోకు. నలభై ఏళ్లలో ఎవడెవడు విప్పి బిగించాడన్నదే అసలు తేడా.

కడప కారం
సినిమా పిచ్చోళ్లకి ఈ 44-2 అంటే ప్రాణం సామీ. దీనికి అపెర్చర్ (వెలుతురు లోపలికొచ్చే కన్నం) రింగులు రెండుంటాయి. ఒకటి టకటకమంటా ఎంత మూయాలో ఖాయం చేస్తాది, రెండోది చప్పుడు లేకుండా నున్నగా తిరుగుతాది. వీడియో తీస్తా తీస్తా వెలుతురు తగ్గించుకోవచ్చు. కొత్త లెన్సుల్లో యాడుంది ఆ సుఖం?

ఒంగోలు గిత్త
ఆ రెండో రింగు ఎందుకో ఇవాళ తెలిసింది. సరే, ఇప్పుడు నా దారేంటి? గాజు ఉన్న అడాప్టర్ కూడా అమ్ముతున్నారు, దాంతో దూరం కూడా ఫోకస్ అవుతుందని. కొననా?

పాతగాజు
వద్దు. ఆ గాజు చేసేది దృశ్యాన్ని సాగదీసే చిన్నపాటి టెలికన్వర్టర్ పని. ఇన్ఫినిటీ వస్తుంది, నిజమే. కానీ ఎఫ్2 దగ్గర అంచులు కరిగిపోయి, వెలుగున్న చోట పొగ కమ్ముతుంది. హీలియోస్ ఎందుకు కొన్నావో ఆ అందాన్నే ఆ ఆరేడు వందల గాజు మింగేస్తుంది.

పిక్సెల్ పంతులు
లోపం మీద ఇంకో లోపం పెడితే డబుల్ క్యారెక్టర్ కదా, ఏం బాధ?

బెజవాడ ఎండ
😂 పంతులుగారు ఇవాళ ఫామ్‌లో ఉన్నారు.

పాతగాజు
పంతులు నవ్వించాడు గానీ, గిత్తా, నీకు మూడు తోవలున్నాయి.

డీ5600 వదలను అంటే నికాన్ సొంత పాత లెన్సులకి వెళ్లు. 50 ఎఫ్1.8 ఏఐఎస్ (చేత్తో ఫోకస్ చేసే నికాన్ పాత రకం) గానీ, 105 ఎఫ్2.5 గానీ. అడాప్టర్ అక్కర్లేదు, ఇన్ఫినిటీ గొడవ లేదు. మీటర్ మాత్రం అప్పుడూ రాదు, ఎందుకంటే 3000, 5000 వరసల్లో లెన్స్ అపెర్చర్ రింగుని పట్టుకునే మీట లేదు. డీ7000, డీ300, డీ700, డీ750 లాంటివాటిలో ఆ మీట ఉంది, మీటరింగ్ వస్తుంది. తమాషా ఏమిటంటే 1977కి ముందు లెన్సులు ఆ పెద్ద బాడీల మీద బిగిస్తే మీట విరిగే ప్రమాదం ఉంది, నీ 5600కి విరగడానికి మీటే లేదు కాబట్టి హాయిగా ఎక్కుతాయి. వ్యూఫైండర్‌లో ఫోకస్ కుదిరితే వెలిగే చుక్క కూడా పనిచేస్తుంది.

రెండోది పాత కెనాన్ డీఎస్సెల్లార్. ఈఎఫ్ దూరం 44 ఎంఎం, అంటే ఎం42 కంటే 1.46 తక్కువ. సరిగ్గా ఆ మందంలో పల్చటి రింగు వస్తుంది, ఇన్ఫినిటీ ఖాయం. సెకండ్‌హ్యాండ్ 6డీ అయితే ఫుల్‌ఫ్రేమ్ (పాత ఫిల్మంత పెద్ద సెన్సర్), పైగా ఫోకసింగ్ స్క్రీన్ మార్చుకోవచ్చు. కాకపోతే ఫుల్‌ఫ్రేమ్ కెనాన్లలో కొన్ని లెన్సుల వెనక గాజు అద్దానికి తగులుతుంది, కొనేముందు నీ లెన్స్ సంగతి కనుక్కో.

మూడోది మిర్రర్‌లెస్. అద్దం లేదు కాబట్టి దూరం బాగా తగ్గిపోయింది. సోనీ ఈ 18 ఎంఎం, ఫూజీ ఎక్స్ 17.7, కెనాన్ ఆర్‌ఎఫ్ 20, నికాన్ జెడ్ అన్నిటికంటే తక్కువ, 16. మిగిలిన పాతిక, ముప్పై ఎంఎం ఖాళీలో గొట్టం పెడితే దాదాపు ఏ పాత లెన్స్ అయినా వచ్చేస్తుంది. నన్నడిగితే ఇదే.

కోఠి కుర్రాడు
నేను గిదే చేసిన. సోనీ ఏ7 మార్క్ 2 పాతది తీస్కున్న. సెన్సరే కదులుకుంట చెయ్యి వణుకు ఆపుతది. హీలియోస్ పుట్టిన్నాడు గసొంటిది ఎవ్వడు అనుకోలే. గని ఒక ముచ్చట: పాత లెన్స్ ఎంత ఎంఎంమో కెమెరాకి ఎర్కుండది. మెనూల పోయి 58 అని మనమే కొట్టాలె. కొట్టకుంటే ఫోటో ఇంకింత ఊగుతది.

మీటరింగ్ గురించి ఫికర్ జెయ్యకు. అపెర్చర్ రింగు నువ్వు తిప్పు, ఎంత వెలుతురు వస్తుందో కెమెరా చూస్కుని షట్టర్ అదే పెడ్తది.

అల విశాఖ
నాది నికాన్ జెడ్5. అందులో కూడా లెన్స్ వివరాలు మనమే నింపాలి, ఫోకల్ లెంగ్త్, అపెర్చర్ రెండూ. నికాన్ సొంత ఎఫ్‌టీజెడ్ అడాప్టర్ మీద నాన్నగారి పాత నికాన్ 50 ఏఐ, వేరే కంపెనీ గొట్టం మీద ఒక పెంటాక్స్ టాకుమార్ వాడుతున్నా. ఫోటోలో అపెర్చర్ ఎంతో నమోదు కాదు. నేనైతే మార్చినప్పుడల్లా ఫోన్‌లో రాసుకుంటా, ఇంటికొచ్చాక చూస్తే ఏది ఏదో నాకే అర్థం కాదు.

ఫోకస్ పీకింగ్‌ని, అంటే పదునున్న అంచులకి కెమెరా వేసే రంగుని, మాత్రం గుడ్డిగా నమ్మకండి. ఎఫ్2 దగ్గర కనురెప్ప, కన్ను, కణత అన్నీ ఎర్రగా మెరుస్తాయి, పెద్దది చేసి చూస్తే పదును చెవి మీద ఉంటుంది. జూమ్ బటన్ నొక్కి కన్ను మీద చూసుకుని తీయడమే.

కడప కారం
మనిషి ఊగకుండా ఉంటే కదా అక్కా. మావాళ్లు ఫోటో అంటే ఊపిరి బిగబట్టి నిలబడతారు గానీ, క్లిక్ మనే టైముకి ఊపిరి వదిలేస్తారు.

రాజమండ్రి స్టూడియో
అందుకేనండి మేం మూడు లెక్కపెట్టి రెండుకే నొక్కేవాళ్లం.

ఒంగోలు గిత్త
మిర్రర్‌లెస్ కొనాలంటే ఇప్పట్లో కుదరదు. సోనీ ఏ6000 లాంటి చిన్న సెన్సర్‌ది చవగ్గా వస్తుంది కదా, అది చాలదా? నాకు కావాల్సింది ఆ సుడి తిరిగే బ్యాక్‌గ్రౌండ్.

పాతగాజు
అక్కడే ఉంది చిక్కు. సుడి పుట్టేది ఫ్రేము అంచుల్లో. మధ్యలో గుండ్రంగా ఉండే వెలుగు చుక్కలు అంచులకొచ్చేసరికి లెన్స్ గొట్టం అడ్డుపడి పిల్లికన్ను ఆకారంలోకి మారతాయి, వాటి పొడుగు కేంద్రం చుట్టూ వరసగా తిరుగుతుంది. చిన్న సెన్సర్ ఆ అంచులనే కోసేస్తుంది. 58 కాస్తా 87 లాగా పనిచేస్తుంది, సుడి సగం పైన పోతుంది. నీ డీ5600కీ ఇదే వర్తిస్తుంది.

ఫుల్‌ఫ్రేమ్ ఉన్నా ఊరికే రాదు. ఎఫ్2 దగ్గరే తీయాలి, మనిషి నాలుగైదు అడుగుల నుంచి పదడుగుల లోపు ఉండాలి, వెనక బాగా దూరంలో ఆకుల సందుల్లోంచి ఎండ పడుతుండాలి. చింతచెట్టుకి మించింది లేదు, ఆకు చిన్నది కాబట్టి సందులెక్కువ. కొబ్బరి తోటలో తీస్తే సుడి రాదు, గందరగోళం వస్తుంది.

న్యూజెర్సీ నాని
చిన్న సెన్సర్‌కి ఫోకల్ రెడ్యూసర్ ఉందిగా పాతగాజన్నా. అడాప్టర్ లోపల కుదించే గాజు పెడతారు. 2013లో మెటాబోన్స్ వాళ్ల స్పీడ్ బూస్టర్‌తో మొదలైంది, తర్వాత చవకవి చాలా వచ్చాయి. 0.71 రెట్లు కుదిస్తుంది. 58 ఎఫ్2 కాస్తా 41 ఎఫ్1.4 అవుతుంది, 41ని 1.5తో గుణిస్తే 62. అంటే ఫుల్‌ఫ్రేమ్‌లో చూసినంత దృశ్యం దాదాపు తిరిగొస్తుంది, సుడితో సహా. వెలుతురు ఒక స్టాప్ అదనం, అంటే రెట్టింపు. నేను ఫూజీ మీద ఇదే వాడుతున్నా.

పిక్సెల్ పంతులు
గాజు అడాప్టర్ వద్దని అరగంట క్రితమే తీర్మానం చేశారు. ఇప్పుడు ఇంకో గాజు అడాప్టర్ కొనమంటున్నారు. సభ ఏదో ఒకటి తేల్చాలి.

పాతగాజు
మొదటి గాజు దృశ్యాన్ని సాగదీస్తుంది, సాగదీస్తే లెన్స్ లోపాలూ సాగుతాయి. ఇది కుదిస్తుంది, కుదిస్తే పదును కొంచెం పెరిగినట్టే ఉంటుంది. మరీ చవకవాటిలో ఎదురు వెలుతురుకి మధ్యలో నీలి చుక్క పడుతుంది, అది నిజం. కానీ రెండూ ఒకటి కాదు పంతులూ.

నాని చెప్పినదానికి ఒక చేర్పు: రెడ్యూసర్‌తో వణుకు ఆపే బాడీ వాడితే మెనూలో 58 కాదు, 41 కొట్టాలి.

డ్రెస్డెన్ డైరీ
చవక అడాప్టర్లలో ఇంకో తిరకాసు. చాలావాటిని కావాలనే ఒక వెంట్రుక పొట్టిగా చేస్తారు, ఇన్ఫినిటీ రాలేదని ఎవరూ తిట్టకుండా. దాంతో లెన్స్ ఇన్ఫినిటీని దాటి తిరుగుతుంది. కొండనో, చంద్రుణ్ణో తీసేటప్పుడు "చివరిదాకా తిప్పితే చాలు" అనుకుంటే మసకే. లెన్స్ మీద రాసిన అడుగులూ మీటర్లూ కూడా నమ్మకూడదు.

లోపలి రంగు కూడా చూడండి. పేరుకి నలుపే గానీ తళతళలాడుతుంది, వెలుతురు అక్కడ తగిలి సెన్సర్ మీదికి దూకుతుంది. నేను లోపల నల్ల వెల్వెట్ కాయితం అతికించా, ఫోటోల్లో నలుపు నలుపుగా కనపడింది.

కడప కారం
నేను బ్లాక్‌బోర్డుకి వేసే రంగు పూసినా. బడి వాసన వస్తాది, పని మాత్రం జరుగుతాది.

బెజవాడ ఎండ
నా దగ్గర పెంటాక్స్ సూపర్ టాకుమార్ 50 ఎఫ్1.4 ఉంది, ఎం42దే. చూస్తే గాజు టీ నీళ్ల రంగులో ఉంది. అమ్మినాయన "వింటేజ్ వార్మ్ టోన్" అన్నాడు. ఇది పాడైనట్టా?

పాతగాజు
పాడవలేదు. ఆ లెన్స్ మొదటి రకంలో ఎనిమిది గాజులు, తర్వాత రకంలో ఏడు. ఏడు గాజుల రకంలో వెనకవైపు ఒక గాజులో థోరియం కలిపారు, కాంతిని బాగా వంచుతుందని. ఏళ్లు గడిస్తే ఆ గాజు పసుపెక్కుతుంది. అతినీలలోహిత కాంతి తగిలితే మళ్లీ తెల్లబడుతుంది. యూవీ ల్యాంప్ కింద పెడతారు, లేదా ఎండలో.

బెజవాడ ఎండ
థోరియం అంటే రేడియేషన్ కదండీ??

పాతగాజు
ఉంది, కొద్దిగా. మెడలో వేసుకుని ఫోటోలు తీసుకునేదానికి భయపడక్కర్లేదు. ఆ గాజుని పగలగొట్టడం, అరగదీయడం మాత్రం చేయకు.

కోఠి కుర్రాడు
బెజవాడల ఉండి యూవీ ల్యాంప్ ఎందుకన్నా? మే నెలల డాబా మీద పెట్టు, లెన్స్‌తోని వడియాలు కూడా ఎండుతయ్.

అల విశాఖ
డాబా మీద పెట్టేటప్పుడు జాగ్రత్త, నవ్వుతాలు కాదు. లెన్స్ సూర్యుడి వైపు ఉంటే కింద ఉన్న గుడ్డో కాయితమో అంటుకుంటుంది. కింద వంటింటి అల్యూమినియం రేకు పరిచి, దాని మీద లెన్స్ పెట్టాలి. మరీ వేడెక్కితే గ్రీజు కరిగి బ్లేడ్ల మీదికి పాకుతుంది, అందుకే ఉదయం ఎండలో కాసేపు కాసేపు పెట్టి తీసేస్తే మేలు.

ఎండ సంగతి సరే, నా గోల తేమ. సముద్రం పక్కన పాత లెన్సులు ఉంచుకోవడం నరకం. కొన్న ప్రతి లెన్స్‌లో ఏడాదికల్లా తెల్లటి సాలీడు కాళ్లు. మీరంతా ఎక్కడ పెడతారు?

ఒంగోలు గిత్త
మా అమ్మ బియ్యం డబ్బాలో పెట్టమంది. ఫోన్ నీళ్లలో పడితే పెడతారుగా.

రాజమండ్రి స్టూడియో
బియ్యం దుమ్ము లెన్స్‌లోకి, లెన్స్ గ్రీజు అన్నంలోకి. వద్దు బాబూ.

విశాఖ అమ్మాయ్, గోదారి గాలీ తక్కువేం కాదు. స్టూడియోలో డ్రై క్యాబినెట్ ఉంది, 40 నుంచి 50 శాతం తేమ మధ్య ఉంచుతాను. మరీ 30కి దించితే గ్రీజులు, రబ్బర్లు ఎండిపోతాయి, అదీ మంచిది కాదు. క్యాబినెట్ కొనలేకపోతే గట్టిగా మూత పడే ప్లాస్టిక్ డబ్బా, అందులో సిలికా జెల్, చిన్న తేమ మీటర్. సిలికా రంగు మారగానే వేడి చేసి మళ్లీ వాడుకోవచ్చు. అన్నిటికంటే ముందు ఆ పాత తోలు సంచులు అవతల పారేయండి. లెన్స్‌తో పాటు వచ్చిందని మురిపెంగా దాస్తారు, తోలు తేమని పట్టుకుని వదలదు, ఫంగస్‌కి అదే ఇల్లు.

ఇంకో మాట. లెన్సుని దాచేకంటే వాడండి. గాలి, వెలుతురు తగిలే లెన్స్‌కి బూజు తొందరగా పట్టదు.

అల విశాఖ
పట్టినవాటిని శుభ్రం చేయొచ్చా?

రాజమండ్రి స్టూడియో
పైగాజు మీదైతే హైడ్రోజన్ పెరాక్సైడ్ మెత్తటి గుడ్డకి అద్దుకుని తుడవొచ్చు. లోపలిదైతే విప్పాలి. ఎక్కువ రోజులు ఉంటే ఫంగస్ పైపూతని తినేస్తుంది, తుడిచాక కూడా దాని మచ్చ మిగిలిపోతుంది. చిన్న మచ్చలు ఫోటోలో కనపడవు లెండి, ఎదురు ఎండలో తప్ప.

పాతగాజు
జపాన్ లెన్స్ విప్పేవాళ్లు గుర్తుంచుకోండి: వాటిలో ఉన్నది మన బజారు ఫిలిప్స్ స్క్రూ కాదు, జేఐఎస్ అనే జపాన్ రకం. చూడటానికి రెండూ ప్లస్ గుర్తే. మామూలు స్క్రూడ్రైవర్ పెడితే తల అరిగిపోయి లెన్స్ అక్కడే ఆగిపోతుంది. గ్రీజు, గుండ్రటి రింగులు తిప్పే స్పానర్, జేఐఎస్ డ్రైవర్లు ముందు కొనుక్కుని అప్పుడు విప్పండి.

కోఠి కుర్రాడు
కొనేటప్పుడే చూస్కోవాలె. కోఠి గుజరాతీ గల్లీల తిరిగినప్పుడు నేను చేసేది గిది: అపెర్చర్ మొత్తం తెరిచి, ఫోన్ టార్చ్ వెనకకెళ్లి కొట్టి, ముందల నుంచి ఏటవాలుగ చూస్త. దుమ్ము ఉంటే ఉండనీ, దారాలు కనవడొద్దు, పాల మబ్బు కనవడొద్దు. తర్వాత బ్లేడ్లు చూస్త. నూనె మెరిస్తే, మెల్లగ మూసుకుంటే వద్దంట. ఫోకస్ రింగు రాయి లెక్క బిగుసుకున్నా వద్దంట. గీతలు చూసి భయపడ, ముందు గాజు మీద గీత ఫోటోల కనవడది, రేటు మాత్రం తగ్గుతది.

పిక్సెల్ పంతులు
ఒప్పుకుంటున్నా, ఈ టపా దాచుకున్నాను. కొనడానికి కాదు, నా బీరువాలో ఒక వివిటార్ వీ3800ఎన్ ఫిల్ము కెమెరాతో వచ్చిన 50 లెన్స్ ఉంది, కాలేజీలో వాడింది. అది బతికుందో లేదో చూడాలి.

న్యూజెర్సీ నాని
అదీ సంగతి! పంతులుగారి ఇంట్లోనే లోపం ఉంది 😂 అది పెంటాక్స్ కె మౌంట్. 45.46 ఎంఎం, ఎం42 లాగానే. మీ బాడీ ఏంటి?

పిక్సెల్ పంతులు
కెనాన్ ఆర్‌8. రేపు అడాప్టర్ ఆర్డర్ పెడతాను. ఎవరికీ చెప్పొద్దు.

డ్రెస్డెన్ డైరీ
పంతులుగారికి 20 ఎంఎం బాడీ, కాబట్టి ఇబ్బంది లేదు. పాత లెన్సులన్నీ ఇంత సాధు జీవులు కావు. కెనాన్ ఎఫ్‌డీ కొనేవాళ్లకి: దాని అడాప్టర్ మీద తెరిచే మూసే రింగు ఒకటి ఉంటుంది, అది లెన్స్ వెనక మీటని పట్టుకోవాలి. పట్టుకోకపోతే ఎఫ్8 పెట్టినా లెన్స్ పూర్తిగా తెరిచే ఉంటుంది. అడాప్టర్ పాడైందని వెనక్కి పంపేవాళ్లని చూశా. లైకా తరహా రేంజ్‌ఫైండర్ (అద్దం లేని పాత ఫిల్ము కెమెరా) వైడ్ లెన్సులతో ఇంకో రకం, వెనక గాజు సెన్సర్‌కి మరీ దగ్గరగా వస్తుంది, సోనీ లాంటివాటిలో సెన్సర్ ముందున్న గాజు మందం వల్ల అంచులు సాగి, ఊదారంగు తేలుతుంది. జూపిటర్-12 అయితే వెనక భాగం ఎంత పొడుగంటే కొన్ని బాడీల్లోకి దించడమే ప్రమాదం.

ఒంగోలు గిత్త
బుర్ర నిండింది. నా తీర్మానం: డీ5600 అమ్మను. ఏ7 మార్క్ 2 పాతది వెతుకుతా, దీపావళి లోపు. అప్పటిదాకా ఈ హీలియోస్‌ని ఏం చేయను?

రాజమండ్రి స్టూడియో
ఐదున్నర అడుగుల లోపలి ప్రపంచం చిన్నదేం కాదు బాబూ. నగలు, పూలు, పసిపిల్లల వేళ్లు తీయి. ఇన్ఫినిటీ పోయింది గానీ, అదే 2 ఎంఎం వల్ల మామూలుకంటే దగ్గరకి వెళ్లగలుగుతున్నావు.

ఇంకా దగ్గర కావాలంటే, మూసేసిన స్టూడియోల్లో డార్క్‌రూమ్ సామాను అడుగు. ఎన్‌లార్జర్ (ఫిల్ము బొమ్మని కాయితం మీద పెద్దది చేసే యంత్రం) మీద ఉండే ఎల్-నిక్కోర్ 50 ఎఫ్2.8 లాంటి లెన్సుని ఎవరూ పట్టించుకోరు. దానికి 39 ఎంఎం మర, ఫోకస్ రింగు ఉండదు. బెలోస్ (ముడుచుకుని సాగే గొట్టం) మీద పెట్టి నీ నికాన్‌కి తగిలించు. చదునైన ఫిల్ముని చదునైన కాయితం మీద వేయడానికి చేసిన లెన్స్ కాబట్టి అంచు దాకా పదును. మాక్రోలో ఇన్ఫినిటీ ఊసే ఉండదు, పాతగాజు గారి లెక్కలూ అక్కర్లేదు. మా దగ్గర రెండున్నాయి, వస్తే చూపిస్తా.

పాతగాజు
నా లెక్కల మీద కోపమా గురువుగారూ.

ఒంగోలు గిత్త
బాబాయ్, ఆదివారం బయల్దేరుతున్నా. ఒక్కటే ఆఖరి డౌట్: పాత ఏ7 కొనడానికి షాపుకి వెళ్తే ఏం చూసుకోవాలి? హీలియోస్‌కి పిన్ను నొక్కే అడాప్టర్ తీసుకోవాలా, మామూలుదా?

కోఠి కుర్రాడు
44-2కి అపెర్చర్ మూసే పిన్నే లేదు, మామూలు గొట్టం చాలు. ముందుముందు 44ఎం-4 లెక్క ఆటో లెన్సులు కొంటే, వాటికి ఆటో, మాన్యువల్ మార్చే ఏ/ఎం స్విచ్ ఉండదు, అప్పుడు పిన్ను నొక్కే అంచు ఉన్న అడాప్టర్ కావాలె. ఎట్లైనా అంచు ఉన్నదే తీస్కో, రెండిట్కీ నడుస్తది.

షాపుకి పోయేటప్పుడు లెన్సు, అడాప్టర్ నీతోనే తీస్కపో. బిగించి బయటికొచ్చి దూరంగున్న సెల్ టవర్ మీద ఫోకస్ పట్టు, ఇన్ఫినిటీ ఆడనే తెలుస్తది. ఎఫ్16కి మూసి ఆకాశం ఒక ఫోటో తియ్యి, సెన్సర్ మీద మచ్చలుంటే కనవడ్తయ్. ఇంకోటి, మెనూల "లెన్స్ లేకుండా షట్టర్" అనేది ముందే ఆన్ చెయ్యి. లేకుంటే బటన్ ఎంత ఒత్తినా పడది, నువ్వేమో బాడీ ఖరాబ్ అనుకుంటవ్, షాపాయన నువ్వే ఖరాబ్ చేసినవ్ అంటడు.